కళావరు తొమ్మిది

ఆ ముక్క ఎత్తగానే
"దబ్బనం" అంటుంది నా బుర్ర.
పైకి కాదు, లోపలే,
పక్కగదిలో ఎవరో ఎవరినో పిలిచినట్టు.

దబ్బనమేమిటి?
గోనెసంచి మూతి కుట్టే దబ్బనం.
మా ఇంట్లో ఏనాడూ లేదు.
మా నాన్న పోర్టులో వించి డ్రైవరు.
మా అమ్మ చొక్కా గుండీలు కూడా
ఎదురింటి మరియమ్మ చేత కుట్టించేది.

రైల్వే న్యూకాలనీ, రెండో అంతస్తు,
ఆదివారం మూడింటికి మేం నలుగురం.
కిటికీ రెక్క మీద తుడిచిన గంటకే మళ్ళీ ఎర్ర దుమ్ము.
పాయింటుకి పావలా అనుకున్నాం,
పావలాలు చెల్లవు కాబట్టి చింతపిక్కలు.
ఫుల్ కౌంటు ఎనభై పిక్కలు.

ఆకారం చూశాను.
తొమ్మిది నల్ల పువ్వులు, మూడేసి రేకులు.
ఎక్కడా మొన లేదు.
ఇస్పేటైతే పోనీ, కొస ఉంది, గుచ్చుకుంటుంది అనుకోవచ్చు.
ఇస్పేటు తొమ్మిదికి నాకేమీ రాదు. వట్టి తొమ్మిది.

శబ్దం చూశాను.
తొమ్మిది. దబ్బనం.
రెండూ మూడక్షరాలే, రెండిటికీ నడుమ పెదవులు కలుస్తాయి.
దొరికింది అనుకున్నాను ఒక రాత్రి, పక్కమీద లేచి కూర్చుని.
మరి మిగతా మూడు తొమ్మిదులూ ఏం పాపం చేశాయి?

అడిగాను.
"ఏటే, ముక్క ఎత్తితే ముక్కే అవుపిస్తాది గానీ
మాటలేటే?" అంది వరహాలమ్మ.
రెండాటలయ్యాక, ఎవరూ కదపకుండానే,
"ఆఠీను రాజంటే మాత్రం నాకు ఎండుమెత్తళ్ళు.
ఎందుకో తెల్దు" అంది.
ఎస్తేరుకి ముగ్గురు జాకీలు జాకీలే,
డైమను జాకీ మాత్రం బుధవారం.
సత్యవేణి "నాకలాంటివి రావు" అంది,
అవసరమైనదానికన్నా త్వరగా.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు
ట్రంకు బోర్డు ముందు కూర్చున్నదాన్ని.
బరంపురం అడిగితే బరంపురం, రాయగడ అడిగితే రాయగడ.
తీగ ఎత్తడం, గుచ్చడం.
వానాకాలం లైన్లు తడిసి
రెండు గొంతుల మధ్య మూడోది దూరేది,
"బెల్లం అందిందా?" అని.
"ఎవరండీ లైన్లో?" అంటే మాయం.
రిజిస్టరులో వెతికితే ఆ కాల్ ఉండేది కాదు.

"అదేనే నీ దబ్బనం, క్రాస్ టాక్" అంది సత్యవేణి,
మూలముక్క తిప్పుతూ.
కాదు.
క్రాస్ టాక్ ఒకే మాట రెండుసార్లు చెప్పదు.
ఇది పదకొండేళ్ళుగా
అదే మాట, అదే గొంతు, కొంచెం విసుగ్గా,
నేను వినిపించుకోవడం లేదన్నట్టు.

నిన్న మళ్ళీ వచ్చింది.
చేతిలో దానికి ముందూ వెనకా ఏమీ లేవు.
పనికిరాని ముక్క, పారెయ్యాలి.
చెయ్యి సగం చాపి ఆగిపోయాను.
దబ్బనం అలా కింద పడేస్తే
ఎవరి కాల్లోనో దిగదూ?
దాన్ని ఉంచుకుని ఆఠీను రెండు వేశాను.
అది చాలు ఎస్తేరుకి. షో.
నావి అరవై రెండు పిక్కలు.

మెట్లు దిగి కంచరపాలెం వైపు నడిచాను.
ఉల్లిపాయల కొట్టు ముందు
ఒక కుర్రాడు బస్తా మూతి కుడుతున్నాడు.
చేతిలో అచ్చంగా అదే.
వంకర మొన, పురికొస, చెమటకి మెరుపు.
నిలబడ్డాను.
కళావరు తొమ్మిది వస్తుందేమోనని చాలాసేపు నిలబడ్డాను.
ఏమీ రాలేదు.
ఉల్లి ఘాటు, ఆటో హారను.
ఆ లైనుకి ఇన్‌కమింగే ఉన్నట్టుంది.

"బాబూ, దాన్నేమంటారు?"
"ఇదాండి? దబ్బళం."
"దబ్బనం కదూ?"
"దబ్బళమేనండి. మా వేపు అందరూ అదే అంటారు."

కిలో ఉల్లిపాయలు కొనుక్కున్నాను.
అయితే లోపల్నించి పిలుస్తున్నది ఎవరో గానీ,
ఈ కుర్రాడి వేపు వాళ్ళు కారన్నమాట.